ఒక్క కాలమ్ కోసం మూడు సర్వర్లు

మిర్యాలగూడలో వానాకాలం కోతలు మొదలైతే రోడ్లు ఎట్లా ఉంటాయో అటు తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కోత మిషన్ ట్రాక్టర్‌లో పోసిన వడ్లు పచ్చి ఆరకముందే మిల్లు గేటు ముందుకు చేరతాయి. ట్రాక్టర్ వెనక ట్రాక్టర్, మధ్య మధ్య లారీలు, ట్రాలీ నీడన తువ్వాల పరుచుకుని పడుకున్న రైతులు. గేటు దగ్గర టోకెన్ ఇస్తారు, లోపల తేమ చూస్తారు, తర్వాత కాంటా. నిండు బండిని ఒకసారి తూస్తారు, వడ్లు దించాక ఖాళీ బండిని ఇంకోసారి తూస్తారు. ఆ రెంటి తేడా మీదే రైతు డబ్బులు. ఈ టోకెన్లకూ కాంటా చీటీలకూ సాఫ్ట్‌వేర్ కొన్ని మిల్లులకు మేమే చేసిచ్చాం. మేమంటే నల్లగొండలో ఒక బట్టల దుకాణం పైన రెండు గదులు, నలుగురు మనుషులు.

నాలుగేళ్ల కింద ఒక సీజన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. పూర్తిగా పడిపోయి ఉంటే నయమే, కాంటా దగ్గర వెంటనే చేతిరాత చీటీలు బయటికి తీసేవాళ్లు. అది పడిపోలేదు, ఈడ్చింది. ఆపరేటర్ లారీ నంబరులో చివరి నాలుగు అంకెలు కొడితే తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉండేది. గేటు బయట లైను పెరిగేది. పొద్దున తొమ్మిదింటికి మొదలైన ఫోన్లు రాత్రి పదకొండు దాకా. "సార్, తిరుగుతనే ఉంది." ఈ ఒక్క మాట ఎన్ని గొంతుల్లో విన్నానో.

అప్పుడు నేను చేసిన పని, ఇప్పటికీ చాలామంది చేస్తున్న పని: సర్వర్లు పెంచుదాం అన్నాను. మా సార్ కూడా వెంటనే ఒప్పుకున్నారు. "మూడు పెట్టు, ఐదు పెట్టు, నాకు ఫోన్లు మాత్రం రావద్దు." జడ్చర్ల నుంచి వచ్చి మా దగ్గర చేరి ఆర్నెల్లు కాని కుర్రాడు ఒకడున్నాడు. "అన్నా, ముందు ఒకసారి స్లో లాగ్ చూద్దామా?" అన్నాడు. ఎక్కువసేపు పట్టిన పనులను డేటాబేస్ రాసిపెట్టే చిట్టా అది. "ఇప్పుడు చూసుకుంటూ కూర్చునే టైం ఉందా?" అన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా చెవులు కాలతాయి.

ఏం కట్టానో చెప్తాను. ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్, అంటే వచ్చే పనిని సర్వర్లకు పంచేది; మేం పెట్టింది హెచ్‌ఏ ప్రాక్సీ. దాని వెనక మూడు వెబ్ సర్వర్లు. వాటి వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒకటి ప్రైమరీగా, అంటే అసలుగా, రెండు రెప్లికాలుగా, అంటే నకళ్లుగా. రాసేదంతా ప్రైమరీకి, చదివేదంతా రెప్లికాలకు. రెప్లికాలకు ఛాయ-1, ఛాయ-2 అని పేర్లు పెట్టాను. మా ఊరికి దగ్గర్లోనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా చెక్కు చెదరకుండా నిలబడి ఉంటుంది. డేటా నీడ కూడా అట్లాగే నిలబడుతుందని నా ఊహ. కవిత్వం బాగానే ఉంది. బొమ్మ గీసి గోడకు అంటిస్తే మా సార్ ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నారు.

మొదటి దెబ్బ మరుసటి రోజే తగిలింది. ఆపరేటర్లు లాగిన్ అయిన రెండు నిమిషాలకే మళ్లీ లాగిన్ అడుగుతోందని గోల. మా పేజీలు రాసింది పీహెచ్‌పీలో; దాని సెషన్లు, అంటే ఎవరు లాగిన్ అయ్యారన్న గుర్తులు, మామూలుగా ఆ సర్వర్ సొంత డిస్కులోనే ఫైళ్లుగా ఉంటాయి. మొదటి క్లిక్కు ఒకటో సర్వర్‌కు, రెండో క్లిక్కు రెండో సర్వర్‌కు పోతే, రెండోదానికి ఆ మనిషి ఎవరో తెలియదు. ఒక మనిషిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపేలా కట్టేయొచ్చు, కానీ ఆ సర్వర్ పోతే వాళ్లందరూ మళ్లీ బయటే. సెషన్లను అన్ని సర్వర్లకూ అందే ఒక రెడిస్‌లో, అంటే మెమరీలో డేటా దాచే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాం, అది తీరింది. వెబ్ సర్వర్ల గురించి నిజంగా తెలుసుకోవాల్సింది ఇంతే. వాటి దగ్గర దాచుకున్నది ఏమీ లేకుండా చేస్తే ఎన్నయినా పెట్టుకోవచ్చు, ఎప్పుడైనా పీకేయొచ్చు. చిక్కంతా దాచుకున్నదాని దగ్గరే.

రెండో దెబ్బ ఇంకా ఘోరం. మధ్యాహ్నం భోజనాల తర్వాత రద్దీ పెరగగానే డేటాబేస్ కనెక్షన్లు ఇవ్వనని మొండికేసింది. లెక్క చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక్కో వెబ్ సర్వర్‌లో 60 పీహెచ్‌పీ ప్రాసెస్‌లు. ప్రతి పేజీ మొదట్లోనే ప్రైమరీకి ఒక కనెక్షన్ తెరుస్తుంది, రాసే పని ఉన్నా లేకపోయినా. ఒక్క సర్వర్ ఉన్నన్నాళ్లూ అరవై దాటే ప్రసక్తి లేదు. మూడయ్యాక 180. మనం మార్చకపోతే మైఎస్‌క్యూఎల్ ఒప్పుకునేది 151. అంటే బరువు తగ్గిద్దామని నేను తెచ్చిన సర్వర్లే డేటాబేస్ గొంతు మీద కూర్చున్నాయి. లోడ్ బ్యాలెన్సర్ అనే పేరులోనే కొంత మోసం ఉందని నాకు అప్పుడు తోచింది. అది ముందున్న బరువును సమంగా పంచుతుంది. ఆ పంచిన బరువంతా వెనక మళ్లీ ఒకే చోట కలుస్తుందా లేదా అన్నది దాని సమస్య కాదు.

పంచడంలోనూ ఒక వింత చూశాను, ఇది చెప్పకుండా ముందుకు పోలేను. మొదట వంతులవారీగా పెట్టాం: ఒకటో సర్వర్, రెండోది, మూడోది, మళ్లీ ఒకటోది. కానీ పనులన్నీ ఒక్క సైజులో ఉండవు. ఒక టోకెన్ క్షణంలో అయిపోతుంది, రోజువారీ రిపోర్టు అర నిమిషం తింటుంది. మిల్లులో కాంటా దగ్గర లారీ, ట్రాక్టర్ తేడా లాంటిదే. అందుకని ఎవరి దగ్గర తక్కువ కనెక్షన్లు ఉంటే వాళ్లకు పంపే పద్ధతికి మార్చాం. చక్కగా నడిచింది, రెండో వెబ్ సర్వర్‌లో డిస్క్ నిండేదాకా. డిస్క్ నిండగానే అది ప్రతి పేజీకీ ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఎర్రర్ ఇవ్వడానికి ఎంతసేపు? రెండు మూడు మిల్లీసెకన్లు. కాబట్టి దాని దగ్గర ఎప్పుడూ కనెక్షన్లు తక్కువే. కాబట్టి లోడ్ బ్యాలెన్సర్ వచ్చినవాళ్లను వచ్చినట్టు దాని దగ్గరకే తోసింది! ఆఫీసుల్లో మనం చూసేదానికి ఇది తలకిందులు. ఇక్కడ పని చేయనివాడికే పనంతా పడింది.

మరి హెల్త్ చెక్ లేదా అంటే, ఉంది. ఐదు సెకన్లకోసారి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు అడిగేది. డిస్క్ నిండినా ఆ ఫైలు చదవడానికి అడ్డేముంది? "బాగున్నావా" అంటే "బాగున్నా" అనేది పాపం. సరే, చెక్ చేసే పేజీ డేటాబేస్‌ను కూడా తాకేలా మార్చాం. అప్పుడు ఇంకో గుంట: డేటాబేస్ ఒక్క పది సెకన్లు ఆయాసపడితే మూడు వెబ్ సర్వర్లూ ఒకేసారి ఫెయిల్ అని తేలి, మూడింటినీ పక్కన పెట్టేసి, లోడ్ బ్యాలెన్సర్ ఖాళీ చేతులతో నిలబడుతుంది. చివరికి రెండు రకాల చెక్‌లు పెట్టుకున్నాం. ఒకటి ఈ సర్వర్ సొంత ఆరోగ్యం, అంటే డిస్క్, ప్రాసెస్‌లు. దాన్ని బట్టి పక్కన పెడతాం. రెండోది డేటాబేస్ సంగతి. దానికి ఎవర్నీ పక్కన పెట్టం, మాకు ఫోన్ మోగుతుంది అంతే.

ఇక అసలు కథ, రెప్లికాలది.

మైఎస్‌క్యూఎల్‌లో రెప్లికేషన్ ఎట్లా నడుస్తుందో కొంచెం చెప్పాలి. ప్రైమరీలో ఒక మార్పు ఖరారు కాగానే అది బైనరీ లాగ్ అనే ఫైలులో వరుసగా నమోదవుతుంది. రెప్లికా ఆ లాగ్‌ను తన దగ్గరికి తెచ్చుకుని రిలే లాగ్‌గా రాసుకుంటుంది, తర్వాత ఇంకో థ్రెడ్ దాన్ని చదువుతూ ఆ మార్పులన్నీ తన టేబుళ్లలో మళ్లీ చేస్తుంది. మనం వేరే చెప్పకపోతే ప్రైమరీ ఎవరికోసమూ ఆగదు. రెప్లికా అందుకుందా లేదా అని చూడకుండానే "అయిపోయింది" అంటుంది. మామూలు రోజుల్లో ఆలస్యం సెకనులో చిన్న భాగం. మామూలు కాని రోజు ఒకటి వచ్చింది.

ఒక మిల్లు వాళ్లు ఆ సీజన్ చీటీలన్నింటిలో ఒక లెక్క సవరించమన్నారు. పట్టపగలు, రద్దీ వేళ, ఒకే అప్‌డేట్‌తో లక్షల వరుసలు మార్చేశాను. ప్రైమరీలో నాలుగు నిమిషాలు పట్టింది. బైనరీ లాగ్‌లోకి ఆ లావాదేవీ వచ్చేది ఖరారైనప్పుడే. అంటే ఇక్కడ నాలుగు నిమిషాలు అయ్యాకే రెప్లికా పని మొదలుపెడుతుంది, దానికీ ఇంకో నాలుగు నిమిషాలు. ఆ వెనకాల వచ్చిన మార్పులన్నీ దాని వెనకే లైను కట్టాయి, అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీ బోల్తా పడ్డప్పుడు వెనక బండ్లు ఆగినట్టు.

కాంటా దగ్గర ఏమైందో చూడండి. ఆపరేటర్ నిండు బండి బరువు సేవ్ కొట్టాడు. అది ప్రైమరీలో భద్రంగా చేరింది, చీటీ ప్రింటయింది. వెంటనే తెర జాబితాకు మారింది. జాబితా చదివేది ఛాయల నుంచి కదా, అందులో ఆ బండి లేదు. సేవ్ కాలేదేమోనని మళ్లీ కొట్టాడు. ఇంకో చీటీ. దించి వచ్చిన బండికి ఖాళీ తూకం రెంటిలో ఒక చీటీకి తగిలించారు, రెండోది అట్లాగే తెరిచి ఉండిపోయింది. సాయంత్రానికి మా సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం 23 బండ్లు మిల్లు లోపలే ఉన్నాయి. యార్డులో చూస్తే కుక్క కూడా లేదు. ఒక రైతు రెండు చీటీలు పట్టుకుని ఆఫీసు ముందు నిలబడ్డాడట. "గిదేంది సారూ, నా ఒక్క బండికి రెండు చీటీలొచ్చినయ్. రెండింటికీ పైసలిస్తరా మరి?"

కాంటా చీటీ మీద రైతుకు ముందే అనుమానం. తరుగు పేరుతో ఎంత కోస్తారో అన్న భయంతోనే లోపలికి వస్తాడు. అటువంటి చోట చీటీ రెండుసార్లు రావడమంటే బగ్ అనుకుని నవ్వుకునే విషయం కాదు. నా గోడ మీది బొమ్మ ఎంత అందంగా ఉన్నా, ఆ మనిషి చేతిలో ఉన్న రెండు కాగితాల ముందు అది పనికిమాలిందే.

ఆ రోజు ఛాయల ఆలస్యం చూపించే అంకె మీద కూడా నాకు నమ్మకం పోయింది. రెప్లికా ఎన్ని సెకన్లు వెనకబడిందో మైఎస్‌క్యూఎల్ చెప్తుంది, కానీ అది తన దగ్గరికి వచ్చిన లాగ్‌తో పోల్చుకుని చెప్పే లెక్క. లాగే నెట్‌వర్క్‌లో చిక్కుకుని ఇంకా రాకపోతే సున్నా అని చూపించి హాయిగా కూర్చోగలదు. ప్రైమరీలో ప్రతి సెకనూ టైం రాసి, అదే వరుసను రెప్లికాలో చదివి తేడా చూసుకోవడం మేలు. మేం ఇప్పుడు అదే చేస్తున్నాం.

చికిత్స ఏమిటంటే, ఎవరు రాశారో వాళ్లకు తమ రాత వెంటనే కనపడాలి. కాబట్టి టోకెన్, కాంటా పేజీలు చదవడం కూడా ప్రైమరీ నుంచే అన్నాం. రిపోర్టులు మాత్రం ఛాయల నుంచి. అయితే మా పనిలో తొంభై పాళ్లు టోకెన్, కాంటాలే కదా. అంటే చదివే బరువు కూడా మళ్లీ ప్రైమరీ నెత్తినే. ఇన్ని మిషన్లు కొని చివరికి ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చాం.

రాసే పని సంగతి చెప్పనే లేదు. రెప్లికాలు పెంచితే రాసే బరువు తగ్గుతుందని నమ్మేవాళ్లను నేను ఇప్పటికీ కలుస్తుంటాను. ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. ఒక్కో డేటాబేస్ సర్వర్ సెకనుకు 1000 పనులు చేయగలదనుకుందాం; రాసేది, చదివేది ఒకే బరువు అనుకుందాం. రాసేవి సెకనుకు 200 ఉంటే, ఆ 200 ప్రతి సర్వర్ తానూ చేయాల్సిందే, ఎందుకంటే నకలు అంటేనే అది. మిగిలిన 800 చదవడానికి. మూడు సర్వర్లకు 2400. బాగుంది. రాసేవి 900 అయితే ఒక్కోదానిలో మిగిలేది 100, మూడింటికీ 300. పది సర్వర్లు పెట్టినా 1000. రాసేవి 1000 అయ్యాయా, వంద సర్వర్లు పెట్టినా చదవడానికి మిగిలేది సున్నా. రాసే పనిని పంచాలంటే డేటానే ముక్కలు చేయాలి. మాకైతే ఆ గీత దేవుడిచ్చినట్టే ఉంది: ఈ మిల్లు టోకెన్లకూ ఆ మిల్లు టోకెన్లకూ ఏ సంబంధమూ లేదు. మిల్లుకో డేటాబేస్ పెడితే సరిపోయేది. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

వచ్చిన ఆలోచన ఏమిటంటే, రెండు ప్రైమరీలు పెడదామని. రెండింటిలోనూ రాయొచ్చు, ఒకదానికొకటి నకలు. నంబర్లు ఢీకొనకుండా మైఎస్‌క్యూఎల్‌లో ఒక ఏర్పాటుంది, ఒకటి బేసి సంఖ్యలు ఇస్తుంది, ఇంకోటి సరి సంఖ్యలు. కాగితం మీద గీసుకుని మా జడ్చర్ల కుర్రాడికి చూపిస్తే వాడు ఒక్క మాట అన్నాడు. "అన్నా, టోకెన్ నంబరంటే లైన్ల వరుస కదా. 118 వాడు ముందొచ్చి 117 వాడు తర్వాతొస్తే గేటు దగ్గర కొట్టుకుంటరు." నిజమే. డేటాబేస్‌కు అది వట్టి గుర్తింపు సంఖ్య, ట్రాక్టర్ మీద రెండు రాత్రులు పడుకున్నవాడికి అది న్యాయం.

మా తాత మా ఊరి చెరువుకు నీరటి. తూము ఎత్తేది ఆయనొక్కడే. ఏ మడికి ఎప్పుడు నీళ్లో ఆయనకే తెలుసు. ఆయనకు జ్వరమొస్తే మా పెద్దనాన్న పోయేవాడు, కానీ ఆ రోజు తాత మంచం దిగకూడదు, అదీ షరతు. ఇద్దరూ తూము దగ్గర ఉంటే ఏమవుతుందో ఒక ఏడాది చూశారట: తాతకు జ్వరం తగ్గి చెప్పకుండా వెళ్లి తూము దించాడు, పెద్దనాన్న దించింది ఎవరో కొంటెవాడనుకుని మళ్లీ ఎత్తాడు, తెల్లారేసరికి కింది మళ్లు మునిగాయి. ప్రైమరీ పోతే ఇంకోదాన్ని దాని స్థానంలో నిలబెట్టడాన్ని ఫెయిలోవర్ అంటారు; దాని గురించి నాకు తెలిసిన కష్టమంతా ఇందులో ఉంది. ప్రైమరీ చచ్చిందని అనుకోవడం తేలిక. అది నిజంగా చచ్చిందా, లేక మనకు కనపడటం లేదా, మళ్లీ లేచి వచ్చి తానే ప్రైమరీ అంటుందా, అన్నదే తేలదు.

పెద్ద కంపెనీలకూ తేలలేదు. 2018 అక్టోబరు 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఒక మామూలు మరమ్మతు చేస్తుండగా, అమెరికా తూర్పు తీరంలోని వాళ్ల నెట్‌వర్క్ కేంద్రానికీ ప్రధాన డేటా సెంటర్‌కూ మధ్య లింకు 43 సెకన్లు తెగింది. ఫెయిలోవర్ సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసి, పడమటి తీరంలోని డేటాబేస్‌లను ప్రైమరీలుగా నిలబెట్టింది. లింకు తిరిగొచ్చేసరికి తూర్పున రాసి పడమరకు చేరనివి కొన్ని, పడమర కొత్తగా రాసినవి కొన్ని. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో లేదు. అన్నీ సర్దుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకన్లకు! ఆ లింకు తెగినప్పుడు ఎవరూ ఏమీ చేయకుండా కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకొక సరదా. సేవ ఒక నిమిషం ఆగేది.

ఇటువంటి చోట మీరు ఒకటి వదులుకోక తప్పదని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ 2000లో ఊహగా చెప్పాడు, గిల్బర్ట్, లించ్ 2002లో రుజువు చేశారు: నెట్‌వర్క్ రెండు ముక్కలైనప్పుడు, అందరికీ ఒకే నిజం చూపించడమా, అందరికీ జవాబివ్వడమా, రెండిట్లో ఒకటే. మా కాంటాకు ఏది కావాలో చెప్పడానికి సిద్ధాంతం అక్కర్లేదు. రెండు చీటీల రైతును అడిగితే చెప్తాడు, జవాబు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఒక్కటే రావాలి.

మరి ప్రైమరీ రెప్లికా కోసం ఆగేలా చేయొచ్చు కదా? చేయొచ్చు. దానికి ధర ఉంది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్‌లో ఒకటి, ముంబైలో ఒకటి పెడితే రోడ్డు లెక్కన సుమారు 700 కిలోమీటర్లు, పోయి రావడానికి 7 మిల్లీసెకన్లకు తగ్గదు, నిజానికి ఇంకా ఎక్కువే. ఒకే టోకెన్ కౌంటర్ వరుసను ఒకరి తర్వాత ఒకరు మార్చాలంటే సెకనుకు 140 మించవు, ఎంత ఖరీదైన మిషన్ తెచ్చినా. పైగా మైఎస్‌క్యూఎల్‌లోని సగం ఆగే పద్ధతిలో, రెప్లికా లాగ్‌ను అందుకుంటే చాలు, తన టేబుల్‌లో చేసే దాకా ఆగదు. కాబట్టి మా జాబితా సమస్య దాంతోనూ తీరదు. డేటా పోకుండా ఉండటానికి అది మంచిదే. రెండు చీటీలకు మందు మాత్రం కాదు.

ఇంతా అయ్యాక, సీజన్ కొంచెం సద్దుమణిగాక, జడ్చర్ల కుర్రాడు అడగకుండానే స్లో లాగ్ ఆన్ చేశాడు. మైఎస్‌క్యూఎల్‌లో అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేసినా పది సెకన్లు దాటిన క్వెరీలే, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలే, రాస్తుంది. వాడు దాన్ని ఒక సెకనుకు తగ్గించాడు. గంటలో ఫైలంతా ఒకే క్వెరీ. లారీ నంబరు చివరి నాలుగు అంకెలతో వెతికేది. ఆపరేటర్లు పూర్తి నంబరు ఎందుకు కొడతారు? టీఎస్ 05 ఉంటుంది, పాత ఏపీ 24 ఉంటుంది, పక్క రాష్ట్రానివి ఉంటాయి. నాలుగంకెలు కొట్టి వచ్చినదాంట్లో ఏరుకుంటారు. నంబరు మీద ఇండెక్స్ ఉంది. కానీ ఇండెక్స్ అంటే నిఘంటువు లాంటిది, మొదటి అక్షరాల వరుసలో ఉంటుంది. నిఘంటువులో 'కాయ'తో ముగిసే మాటలన్నీ వెతకమంటే ఏం చేస్తాం, మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పుతాం. ప్రతి టోకెన్‌కూ, ప్రతి కాంటాకూ మా డేటాబేస్ చేస్తున్నది అదే, ఎనిమిది లక్షల పైచిలుకు వరుసలు తిప్పడం. ఒక్కోసారి నాలుగు సెకన్లు.

వాడు ఒక కాలమ్ కలిపాడు, చివరి నాలుగు అంకెలు మాత్రమే అందులో. దాని మీద ఇండెక్స్. క్వెరీలో ఒక మాట మార్చాడు. పావుగంట పని. నాలుగు సెకన్లు కాస్తా కంటికి ఆననంత అయింది, ప్రైమరీ సీపీయూ గీత కొండ మీంచి లోయలోకి దిగినట్టు దిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాను, ఆ గొడ్డలి కాలి మీద పడింది. వాడు ఏమీ అనలేదు. నవ్వాడేమో, నేను చూడలేదు.

దీన్నిబట్టి క్లస్టర్లు దండగ అని నేను అనను. చదివే పని కొండంత, రాసే పని ఆవగింజంత ఉన్నచోట ఇవన్నీ బంగారం. ఇంటర్ ఫలితాలనే తీసుకోండి. మన రాష్ట్రంలో రెండు సంవత్సరాలకూ కలిపి తొమ్మిది లక్షల మందికి పైగా రాస్తారు, ఫలితాలు విడుదలైన నిమిషంలో పిల్లలూ, బాబాయిలూ, పిన్నులూ, ఎదురింటివాళ్లూ అందరూ ఒకేసారి పడతారు. కానీ ఆ మార్కులు ఇక మారవు. ఎన్ని నకళ్లయినా తీయొచ్చు, నకలు పాతబడే భయం లేదు. అసలు డేటాబేసే అక్కర్లేదు, ఒక్కో హాల్‌టికెట్‌కు ఒక్కో ఫైలు ముందే తయారుచేసి పెట్టుకున్నా నడుస్తుంది. అటువంటి పని చేసే సైటు ఎక్కడైనా కూలబడితే మాత్రం నాకు జాలి కలగదు. మిషన్ చచ్చిపోతే ఇంకోటి సిద్ధంగా ఉండాలన్న కారణానికి రెప్లికా పెట్టుకోవడం కూడా సబబే. నా గొడవ, ఎక్కడ నొప్పో చూడకుండా మిషన్లు తెచ్చి పేర్చడంతోనే.

పేర్చేవాళ్లు మరిచిపోయే లెక్క ఇంకోటి. మూడు సర్వర్లు ఒక్కోటి 70 శాతం బరువు మోస్తున్నాయి, ఒకటి పోతే మిగతా రెంటిలో పనేమీ ఆగదు అనుకుంటారు. ఆ 70ని రెండుగా పంచితే 35 చొప్పున, ఒక్కోటి 105. రెండోదీ పడుతుంది, తర్వాత మూడోది ఎంతసేపు. మా జిల్లా గొలుసుకట్టు చెరువుల కింద పుట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, పై చెరువు కట్ట తెగిన రాత్రి కింది చెరువు దగ్గర ఎవరూ నిద్రపోరు. మూడు ఉంటే ఒక్కోదాన్ని అరవైకి లోపు ఉంచుకోవాలి. అంటే మూడింటికి డబ్బు కట్టి రెండింటి పని చేయించుకోవడం. అది ఖర్చు అని ముందే ఒప్పుకుని కట్టాలి.

రెప్లికా ఉంది కదా బ్యాకప్ ఎందుకు అనేవాళ్ల కోసం ఒక సంగతి. మరుసటి సీజన్‌లో ఒక రాత్రి నేను ఒక డిలీట్ రాసి, ఏ వరుసలు చెరపాలో చెప్పే షరతు పెట్టడం మరిచి ఎంటర్ కొట్టాను. ఛాయ-1లో సెకను తిరగకముందే ఆ టేబుల్ ఖాళీ. ఛాయ-2లోనూ. నీడ ఎంత నమ్మకంగా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది. నెత్తి పగలగొట్టుకుంటే నీడ కూడా పగలగొట్టుకుంటుంది. రాత్రి రెండింటికి తీసిన బ్యాకప్, దాని తర్వాతి బైనరీ లాగ్‌లు ఉన్నాయి కాబట్టి తెల్లవారేసరికి బయటపడ్డాం.

2017 జనవరి 31న, గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో జరిగింది దీనికి పెద్దన్న. రెప్లికేషన్ వెనకబడిందని సరిచేస్తూ, అర్ధరాత్రి అలసటలో ఒక ఇంజనీరు రెప్లికాలో చెరపాల్సిన డైరెక్టరీని ప్రైమరీలో చెరిపాడు. తేరుకుని ఆపేలోపు 300 జీబీల్లో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌లు వెతికితే, రోజూ తీసే డంప్, అంటే డేటా మొత్తం నకలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఎన్నాళ్లుగానో ఫెయిలవుతోంది, ఎవరికీ తెలియదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి ఆ ఆరు గంటల డేటాతోనే పోయింది. వాళ్లు ఆ బాగుచేసే పనంతా యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, తప్పు దాచలేదు. ఆ ధైర్యం నాకు నచ్చింది. నేనైతే ఆ డిలీట్ సంగతి మా సార్‌కు ఏడాది తర్వాత చెప్పాను.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. వెబ్ సర్వర్లు రెండు. ప్రైమరీ ఒకటి, మిల్లుకో డేటాబేస్‌గా విడగొట్టి. ఛాయ-1 రిపోర్టులకు, ప్రైమరీ పోతే దాని స్థానంలోకి. ఆ మార్పు సాఫ్ట్‌వేర్ చేయదు, మాలో ఒకరు లేచి చేస్తారు. ఛాయ-2ను కావాలనే ఒక గంట వెనక నడుపుతున్నాం. మైఎస్‌క్యూఎల్‌లో 5.6 వెర్షన్ నుంచి ఆ వీలుంది. నేను మళ్లీ షరతు మరిచిపోతే, మరిచానని గుర్తు రావడానికి ఒక గంట సమయం. సేవ్ నొక్కితే ఆ బండికి ఒక ప్రత్యేక సంఖ్య ముందే పడుతుంది. పదిసార్లు నొక్కినా చీటీ ఒకటే. రోడ్డు తవ్వి కేబుల్ తెంపే రోజుల కోసం, కాంటా దగ్గరి కంప్యూటర్‌లోనే చీటీ రాసుకుని నెట్ వచ్చాక పంపేలా మార్చాం. నిజం చెప్పాలంటే ఈ నాలుగేళ్లలో మిల్లు ఆగిన సందర్భాల్లో ఎక్కువ ఆ కేబుల్ వల్లే, సర్వర్ వల్ల కాదు.

మా సార్ మాత్రం కొత్త మిల్లు వాళ్లు వస్తే ఇప్పటికీ గోడ మీది పాత బొమ్మే చూపిస్తారు. "మాకు మూడు సర్వర్లున్నయ్, ఒకటి పోయినా రెండు నడుస్తయ్."

ప్రతి నెలా మొదటి శనివారం ఒక ఖాళీ మిషన్ మీద బ్యాకప్ నుంచి డేటాబేస్ మొత్తం లేపి చూస్తాం. గడియారం పెట్టుకుని చేస్తాం. పోయిన నెల 41 నిమిషాలు పట్టింది. అందులో పన్నెండు నిమిషాలు పాస్‌వర్డ్ వెతుక్కోవడానికే పోయాయి; అది రాసి పెట్టిన నోటుబుక్ జడ్చర్లలో ఉంది, వాడు సెలవు మీద.